పిడుగుకి మలుపులు తెలీవు

రైలు ఖారూన్ వంతెన దాటి కుమ్హారి వైపు బద్ధకంగా పోతోంది. మే నెల, మధ్యాహ్నం మూడు గంటలు. రాయపూర్ నుంచి దుర్గ్ వెళ్ళే ఆ పాసింజరులో జనం మూకుట్లో బూరెల్లా వేగుతున్నారు; కాకపోతే బూరెలు ఒకదాన్నొకటి తిట్టుకోవు. కిటికీ పక్కన సుమతి, పసిపిల్లని పెట్టుకున్నట్టు ఒళ్ళో ఒక పెట్టె పెట్టుకుని, దాని మీద తువ్వాలు కప్పి కూర్చుంది. చిన్నప్పుడు పోలియో వచ్చిన ఎడమకాలికి ఇనపపట్టీల బూటు. ఆ కాలు చాపుకోవడానికి ఎదుటి సీటు ఆవిడ చోటిచ్చింది. రైల్లో చోటిచ్చినవాళ్ళకి కథ చెప్పి రుణం తీర్చుకోవడం మనవాళ్ళ అలవాటు గనక, సుమతి తన కథంతా హిందీలో చెప్పేసింది. పెట్టెలో ఉన్నది తన ఎస్టీడీ బూతు బిల్లు మెషీను. దాని మీద పిడుగు పడింది. ఏడాదిలో ఇది రెండోసారి. రాయపూర్లో బాగుచేయించి తీసుకెళ్తోంది.

"పిడుగు పడలేదమ్మా," అన్నారెవరో తెలుగులో.

నడవలో నిలబడ్డ ముసలాయన. సన్నగా, నల్లగా, మొలకి బిగించిన ఖాకీ నిక్కరు, పైన తెల్లచొక్కా. సుమతి చేతిసంచీ మీద రాజమండ్రి బట్టలకొట్టు పేరు తెలుగులో ఉంది, అది చూసి భాష మార్చినట్టున్నాడు.

"పడితే నువ్వుండవు, నీ బూతుండదు. ఎక్కడో పడింది. నీ ఇంటికి సుట్టంసూపుకి వొచ్చింది, అంతే."

సుమతికి ఒళ్ళు మండింది. రెండుసార్లు కాలిన మెషీను తనది, ఏడ్చింది తను, పిడుగు పడలేదని చెప్పడానికి ఈయనెవరు? సంచీలోంచి కాగితప్పొట్లం తీసి చేతిలో పెట్టింది. మెకానిక్ మార్చేసిన పాత సర్క్యూటు పలక అది, ఓ మూల బొగ్గయి ఉంది. ముసలాయన దాన్ని కళ్ళతో చూడలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని, సంతలో ఎండుచేపల బేరమాడేవాడిలా వాసన చూశాడు. కాలిన మూల ఎటుందో వేలితో తడిమాడు.

ఫోను తీగలోంచి వచ్చిందన్నాడు. కరెంటు తీగలోంచి కాదు. తర్వాత, ఎర్తులు ఎన్ని ఉన్నాయని అడిగాడు.

సుమతి కాస్త గర్వంగానే చెప్పింది, రెండున్నాయని. పెరట్లో కరెంటు బోర్డుది ఒకటి. ముందువైపు, ఫోనుకి ప్రత్యేకంగా, మొదటిసారి కాలిన తర్వాత వాళ్ళాయన తవ్విందొకటి.

ఇద్దరు పెళ్ళాలవాడి కాపురం గురించి విన్నట్టు ముఖం పెట్టాడు ముసలాయన. "అదీ సంగతి," అన్నాడు. ఊరెక్కడ, సందెక్కడ, పక్కన ఏముందని అడిగి తెలుసుకున్నాడు. భిలాయి క్యాంప్ 1, మూడో సందు, మసాలా మిల్లు ఎదురుగా అని చెప్పి, ఇంతకీ మీ పేరేంటి బాబాయ్ అని సుమతి అడుగుతూ ఉంటే పవర్ హౌస్ స్టేషను వచ్చింది. రైలింకా ఆగలేదు. మాట సగంలో ఉంది. ముసలాయన ఫుట్‌బోర్డు మీంచి ప్లాట్‌ఫారం మీదకి తేలిగ్గా జారి జనంలో కలిసిపోయాడు. వస్తాననీ అనలేదు, వెళ్తాననీ అనలేదు.

తనూ అక్కడే దిగి, సైకిలుతో ఎదురొచ్చిన భర్త విలియంకి సుమతి ఆ మర్యాద తెలీని మనిషి గురించి చెప్పింది. నిక్కరా, పలక వాసన చూశాడా, చెప్పకుండా దిగిపోయాడా అని విలియం మూడు ప్రశ్నలే అడిగాడు.

"ఎర్తు సూరి," అన్నాడు మెషీనుని క్యారియరుకి కడుతూ. "వస్తాడులే."

అప్పలసూరి కథ భిలాయిలో పాతవాళ్ళందరికీ ఎంతో కొంత తెలుసు. ఎవరికి తెలిసిన ముక్క వాళ్ళు చెబుతారు, అన్నీ కలిపి కుట్టుకోవాలి.

టెక్కలి పక్క పల్లె ఆయనది. యాభయ్యేడులో, ఈ ఊరింకా ఊరు కానప్పుడు, మేస్త్రీ వెంట ముప్పైమంది మన్నుపనికి వచ్చారు. అడవి కొట్టి, నేల తవ్వి, పునాదులు తీసి, ఆ పునాదుల మీద వేరేవాళ్ళు ఉక్కు కార్ఖానా కట్టాక, తవ్వినవాళ్ళు ఒక్కొక్కరే ఖలాసీలయ్యారు, ఫిట్టర్లయ్యారు, పిల్లల్ని ఇంగ్లీషు బడికి పంపారు. అప్పలసూరి మాత్రం తవ్వుతూనే ఉండిపోయాడు. టెలిఫోను స్తంభాల గ్యాంగులో చేరాడు, స్తంభానికి గొయ్యి కావాలి గనక. స్తంభాలైపోయాక ఎర్తు గోతులు. ఆ పని ఎవరికీ అక్కర్లేదు. మనిషి లోతు తవ్వి, గొట్టం దింపి, ఉప్పూ బొగ్గూ పొరలు పొరలుగా వేసి పూడ్చాలి. పైకి ఏమీ కనపడదు. వేసవిలో రోజూ నీళ్ళు పొయ్యాలి. భూమికి దాహం వేస్తుందని చెబితే ఏ ఆఫీసరు నమ్ముతాడు? మొక్కకి నీళ్ళు పోస్తే పువ్వు పూస్తుంది, గోతికి నీళ్ళు పోస్తే ఏమవుతుంది? ఏమీ అవదు. ఏమీ అవకపోవడమే దాని పంట. ఆ పంట ముప్పై ఏళ్ళు పండించాడు అప్పలసూరి.

పాతకాలం టెలిఫోను ఎక్స్‌ఛేంజి గేదెలాంటిది. టకటకమని రిలేలు కొట్టుకుంటూ, దుమ్ములో, ఉక్కలో, ఎలా ఉంచితే అలా ఉండేది. ఉరుముకి ఓసారి తోకాడించి ఊరుకునేది. ఎలక్ట్రానిక్ ఎక్స్‌ఛేంజిలు వచ్చాక సంగతి మారిపోయింది. అవి పెంపుడు చిలకలు. చల్లగదిలో కూర్చోబెట్టాలి, మెరుపు వాసన తగిలితే కళ్ళు తేలేస్తాయి. అప్పుడు గుర్తొచ్చాడు ఇంజనీర్లకి ఈ గోతులవాడు. భూమి ఎంత బాగా కరెంటు తాగుతుందో కొలిచే యంత్రానికి పిడి ఆయన తిప్పితే, లెక్క వాళ్ళు చూసేవారు. కొన్నాళ్ళకి పిడి తిప్పకముందే, పిడికెడు మట్టి నలిపి చూసి ఇంచుమించు లెక్క చెప్పేసేవాడట. నాలిక మీద వేసుకుని చెప్పేవాడని కొందరంటారు. ఆ మాటకి సాక్ష్యం లేదు.

సాక్ష్యం ఉన్న మాట వేరే ఉంది. పెద్దకూతురి పెళ్ళి సెక్టర్ 6లో, జ్యేష్ఠమాసంలో జరిగింది. అప్పగింతల వేళ పిల్ల చేతిని పాలల్లో ముంచి అత్తవారి చేతుల్లో పెట్టాలి. పురోహితుడు తండ్రిని పిలిచాడు. తండ్రి లేడు. అంతకు కాసేపటి ముందు ఉత్తరాన ఎక్కడో చిన్నగా ఉరిమింది. పట్టుపంచెతో సైకిలెక్కి ఎక్స్‌ఛేంజి వెనక గోతికి బకెట్లతో నీళ్ళు పోస్తూ దొరికాడు. పిల్ల కాపురానికి వెళ్ళింది రెండు సందుల అవతలికే గనక కొంప మునగలేదు గానీ, భార్య గౌరీదేవి నెలరోజులు మాట్లాడలేదు. ఆయనకి ఆ నెలరోజులూ తెలిసినట్టు లేదు. అది వర్షాకాలం మరి.

ఇప్పుడు రిటైరై మూడేళ్ళు. స్మృతి నగర్లో సొంతిల్లు. మే వస్తే మాత్రం కాలు నిలవదు. ఎక్కడ మెషీను కాలిందని విన్నా సైకిలు తీస్తాడు.

ఆ రోజు రైలు దిగాక సుమతి పెద్దగా ఆశ పెట్టుకోలేదు. ఆశ పెట్టుకోవలసిన అవసరం మాత్రం ఉంది. వికలాంగుల కోటాలో వచ్చిన బూతు అది. అది రాకముందు ఇంట్లో కుట్టుమిషను ముందు కూర్చునేది. ఎవరైనా జాకెట్టుకొస్తే మనిషిముఖం, లేకపోతే గోడ. బూతు వచ్చాక లోకం తన గుమ్మంలోకి వచ్చి వరసలో నిలబడింది. పలాసలో పురుడు, కాకినాడలో పెళ్ళిచూపులు, చీపురుపల్లిలో చావు, అన్నీ ఆ గాజు తలుపు వెనకనుంచి క్యాంప్ 1లో ముందుగా విన్నది సుమతే. నడవలేని మనిషి అని ఊరు మర్చిపోయి ఎస్టీడీ మేడమ్ అనడం మొదలుపెట్టింది. అలాంటి బూతు రెండుసార్లు మూతపడింది. రెండోసారి పదహారు రోజులు. టెలిఫోను ఆఫీసునుంచి కాగితం వచ్చింది: ఇంకోసారి ఇలా రోజుల తరబడి మూసి ఉంచితే కేటాయింపు రద్దుచేసి, వరసలో ఉన్నవాళ్ళకి ఇస్తారట. ఆ కాగితాన్ని సుమతి బైబిల్లో పెట్టింది, దేవుడూ ఓసారి చదువుకుంటాడని.

నాలుగోరోజు పొద్దున్నే సైకిలు గంట వినపడింది. క్యారియరు మీద గునపం, పార, రెండు బకెట్లు, హ్యాండిలుకి వేలాడుతూ హోల్డరులో బిగించిన వంద వాట్ల బల్బు. కుశలప్రశ్నలేమీ లేవు. బల్బు తీగలో ఒక కొస కరెంటు బోర్డు ఫేజులో పెట్టాడు, రెండో కొస పెరటి ఎర్తుకి తగిలించాడు. భూమి మంచిదైతే బల్బు ఇంట్లో వెలిగినట్టే వెలగాలి. వెలిగింది, కాస్త పచ్చగా. పరవాలేదన్నాడు. ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తీగ తీసుకుని ముందువైపుకొచ్చి, విలియం తవ్విన ఎర్తుకి తగిలించాడు. బల్బులో తీగముక్క చుట్టనిప్పులా ఎర్రగా కనపడి ఊరుకుంది.

అప్పలసూరి పార తీసుకుని ఆ గొయ్యి మీద మన్ను తోశాడు. లోపల బూడిదరంగు, గాజుపెంకుల్లాంటి గుల్లగుల్ల రాళ్ళు. చేతిలోకి తీసుకుని చూశాడు. నైట్‌షిఫ్టు చేసొచ్చి అప్పుడే పడుకున్న విలియంని లేపించాడు.

ఇక్కడ కాస్త విలియం గురించి చెప్పుకోవాలి. బ్లాస్ట్ ఫర్నెస్‌లో పదహారేళ్ళ సర్వీసు. ఉక్కు మీద ఆ ఊరివాళ్ళకి ఉండే నమ్మకం తీర్థాల మీద మిగతా దేశానికి ఉన్నట్టే ఉంటుంది. గోతిలో ఉప్పూ బొగ్గూ వెయ్యమని ఎవరో చెబితే, విలియంకి అది పేదవాళ్ళ వైద్యంలా అనిపించింది. ఇనుములోంచే కదా కరెంటు పోతుంది! అందుకని కొలిమి పక్కన గుట్టలు పోసే స్లాగుని, మన పాతవాళ్ళు చిట్టెం అనేవారు చూడండి, అదే, ఆరు బస్తాలు సైకిలు మీద తోసుకొచ్చి గొయ్యి నింపాడు. భిలాయి మొత్తంలో ఇంత ఇనుము ఎవడి గోతిలోనూ ఉండదని బంధువులకి చూపించాడు కూడా.

"బావూ," అన్నాడు అప్పలసూరి నెమ్మదిగా, "నీ బట్టీలో ఇనుము ఎక్కడుంటాది?"

"అడుగున."

"ఇదెక్కడుంటాది?"

విలియం కళ్ళు నులుముకున్నాడు. "పైన తేలుతుంది."

"ఇనుముని ఒదిలీసి పైకొచ్చీసిందాన్ని మోసుకొచ్చి, ఇందులో ఇనుమున్నాదంటావేటి?"

విలియం ఆ రాయి తీసుకుని అరచేతిలో తూచి చూశాడు. పదహారేళ్ళు ఆ రెండింటినీ విడదీసి వేరువేరు కాలవల్లోకి పంపడమే అతని ఉద్యోగం. సుమతి నవ్వు ఆపుకోవడానికి బూతులోకి వెళ్ళి ఖాళీ రిసీవరు చెవిన పెట్టుకుంది. సందులో ఇద్దరు ముగ్గురు ఆపుకోలేదు. ఆ తర్వాత వారంరోజులు ఫర్నెస్‌లో విలియంని చూసి, బస్తా కావాలా భయ్యా అని అడిగినవాళ్ళున్నారు.

నీళ్ళు పోస్తే ఒక్క చుక్క నిలవక కిందికి జారిపోయే ఆ గుల్లరాళ్ళ వల్ల గొయ్యి ఉత్తిదయిపోయిందని అప్పలసూరి చెప్పాడు. జరిగిన తప్పులో అది సగమే. మిగతా సగం రెండు ఎర్తులు ఉండటం. వాకిట్లో పిడికెడు మట్టి ఒకటి, పెరటి వైపు ఒకటి పెట్టి, మధ్యలో అగ్గిపెట్టె పెట్టి చూపించాడు. మెరుపు ఫోను తీగ మీద వస్తుంది. ముందు గోతిలో దిగుదామంటే అది తాగదు. పెరట్లో ఇంకో గొయ్యి తాగుతుందని దానికి తెలుసు. ఈ గోతినుంచి ఆ గోతికి వెళ్ళాలంటే ఇంట్లోంచే పోవాలి, ఇంట్లో ఉన్నది మెషీను.

"రెండు గోతులకీ నీ మెషీను వొంతెనయ్యింది తల్లీ. వొంతెన మీద ఏనుగు నడిచింది."

ఒక్క గొయ్యే ఉండాలి. ఫోనుదీ కరెంటుదీ ఒకే చోట కలవాలి. ఎండాకాలం కూడా తడి ఆరని చోటు కావాలి. అప్పలసూరి ఇల్లు చుట్టి వచ్చి, వెనక పక్కింటి జోగమ్మ అంట్లు తోముకునే బండ పక్కన ఆగాడు. అక్కడ నేల నల్లగా చిత్తడిగా ఉంది, ఓ అరటిపిలక కూడా లేచింది. కాలి బొటనవేలితో నొక్కి చూశాడు. వేలు దిగింది. ముఖం వెలిగింది.

జోగమ్మ ముఖం మాత్రం వెలగలేదు. సోంపేట వైపు మనిషి, అరవై దాటాయి, ముక్కుకి రెండువైపులా పుడకలు, ఆ సందులో నీళ్ళపంపు తగాదాలన్నిటికీ జడ్జీ ఆవిడే. సంగతి విని గిన్నె కింద పెట్టింది.

"పిడుగుని తెచ్చి నా గుమ్మంలో పాతేస్తారేటి? ఓలమ్మ, బాగుంది. ఆ బూతు సుమతమ్మది, పిడుగు నాదా?"

సుమతి మనసులో లెక్కలు వేసుకుంది. ఆ పది అడుగుల నేల ఆవిడిది కాదు, తనదీ కాదు, కంపెనీది. అయినా పదిహేనేళ్ళుగా అంట్లు తోముకున్న మనిషిని కాదని అక్కడ ఎవరూ గునపం దించలేరు. ఆవిడ ఒప్పుకోకపోతే ఈ ముసలాయన సైకిలెక్కి వెళ్ళిపోతాడు, వానలు వస్తాయి, బైబిల్లో కాగితం నిజమవుతుంది.

అప్పలసూరి వాదించలేదు. బండ మీద కూర్చున్నాడు. సోంపేటలో ఎవరిల్లని అడిగాడు. చెల్లెలు పలాసలో ఉందని తెలుసుకున్నాడు, ఆదివారం ఆదివారం ఈ బూతులోంచే మాట్లాడుతుందని, మూతపడ్డ పదహారు రోజుల్లో చెల్లెలి కోడలికి కవలలు పుడితే ఆ కబురు తనకి ఉత్తరంలో వచ్చిందని, పక్కింట్లో ఫోను పెట్టుకుని ఉత్తరంలో తెలుసుకోవడం ఎంత అప్రతిష్ఠ అని, అన్నీ ఆవిడే చెప్పింది. అప్పుడన్నాడు:

"పిడుగు నీ ఇంటికి రాదప్పా. నీ గుమ్మం ముందు దారడిగి ఎల్లిపోద్ది. దారి సెప్పేవాళ్ళు లేకే ఇన్నాళ్ళూ ఇళ్ళల్లో దూరింది. అయితే రోజూ నీళ్ళు పొయ్యాల. మగోళ్ళకి సెప్తే మర్చిపోతారు. ఈ అమ్మ నడవలేదు. ఇంకెవరున్నారు?"

జోగమ్మ కాసేపు గిన్నె అంచు గోకింది. "నా అంట్లనీళ్ళు పనికొస్తాయేటి?"

"అవైతే మరీ మంచివి. ఉప్పూ పులుసూ అందులోనే ఉంటాయి."

ఆ సాయంత్రానికి గొయ్యి తయారైంది. తవ్వడం అప్పలసూరిదే, పార విలియంకి ఇవ్వలేదు. బొగ్గు ఒక పొర, ఉప్పు ఒక పొర, మధ్యలో గొట్టం. అక్కడినుంచి మందపాటి రాగితీగ పెరటిగోడ పక్కగా, కరెంటు బోర్డుని కలుపుకుంటూ, బూతు వరకు. విలియం పరువు నిలబెట్టుకుందామని ఆ తీగని గుమ్మంలో ఫోను తీగల పెట్టె దగ్గర అందంగా, స్ప్రింగులా నాలుగు చుట్లు చుట్టి బిగించాడు. అప్పలసూరి ఒక్కో చుట్టూ విప్పి, సాగదీసి, అదనంగా ఉన్నది కోసేశాడు.

"పిడుగుకి మలుపులు తెలీవు బావూ. మెలిక సూస్తే పక్కకి గెంతుద్ది. దానికి తిన్నని దారే కావాల."

చొక్కాజేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. అందులో అగ్గిపుల్లల్లేవు, దూదిలో పడుకోబెట్టిన నాలుగు బుల్లి గాజుగొట్టాలున్నాయి. రాయపూర్ వెళ్ళింది వీటికోసమే. అరెస్టర్లంటారు. ఫోను తీగ ఇంట్లోకి వచ్చే గుమ్మంలో కాపలా. మామూలు మాటలకి అడ్డురావు, మెరుపు వస్తే తాము మాడిపోయి దాన్ని భూమిలోకి తోస్తాయి. రెండు బిగించి, మిగతా రెండూ జేబులో వేసుకున్నాడు. మబ్బు పడితే ఫోను మాటలు ఆపాలని, ఇంట్లో ఉంటే కరెంటు ప్లగ్గూ ఫోను ప్లగ్గూ రెండూ పీకాలని, ఎర్తు ఉంది కదా అని ధైర్యం చెయ్యొద్దని చెప్పాడు. సుమతి బెల్లం టీ ఇచ్చింది. తాగాక, మీరొక్క ఫోను చేసుకోండి బాబాయ్, ఎక్కడికైనా సరే అంది.

ముప్పై ఏళ్ళు ఫోన్ల దగ్గరే ఉన్నా ఆయన ఫోన్లో ఎవరితోనూ మాట్లాడలేదట. "ఫోన్లో ఆఖర్న ఉంటానని సెప్పాల. నాకది రాదు," అన్నాడు. "పనిలో ఎల్తానని సెప్పినోడికి ఇంకో పని తగిలిస్తారు. సెప్పకుండా ఎల్లినోడు ఇంటికి ఎల్తాడు. అలా అలవాటైపోనాది."

సుమతి గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళి తిరిగొచ్చేసరికి బకెట్లు, గునపం, సైకిలు, మనిషి, ఏవీ లేవు. బండ పక్కన చదునుచేసిన మట్టి మాత్రం ఉంది, దాని మీద జోగమ్మ అప్పుడే మొదటి చెంబు పోస్తోంది.

జూన్ రెండో ఆదివారం చర్చి వార్షికోత్సవం. ప్రార్థనయ్యాక ప్రేమవిందు. సుమతి బంతిలో కూర్చుంది గానీ మనసు బూతులో ఉంది. విలియం కూర్చుంటానన్నాడు గనక ప్లగ్గులు పీకకుండానే వచ్చింది. పులావు వడ్డిస్తున్న సమయానికి విలియం స్నేహితుడు చెప్పాడు, విలియంని ఓవర్‌టైముకి పిలిచారు, బూతుకి తాళం వేసి వెళ్ళాడని. ప్లగ్గులు పీకాడా అని ఆ స్నేహితుణ్ణి అడిగి లాభం లేదు. ఆ వెంటనే ఇంకోటి గుర్తొచ్చింది. జోగమ్మ మనవరాలి బారసాలకని రెండురోజుల కిందట సెక్టర్ 6 వెళ్ళింది. రెండురోజులు. నలభై ఐదు డిగ్రీల ఎండలో గోతికి ఒక్క చెంబైనా పడలేదు.

ఉత్తరాన ఆకాశం మూకుడు అడుగులా నల్లబడింది. ముందు దుమ్ము లేచింది. ఆ ప్రాంతంలో మొదటి మబ్బు అంతే, వాన కంటే గంట ముందు మెరుపొస్తుంది, తడవని నేల మీదే పడుతుంది. ఆటోకి చెయ్యెత్తి, బూటుకాలు ఈడ్చుకుంటూ ఎక్కింది సుమతి. దారి పొడవునా మెరుస్తూనే ఉంది. పవర్ హౌస్ మలుపులో ఒక్క మెరుపుకి ఆటోవాడే బ్రేకు వేశాడు. కళ్ళు తెల్లబడి, ఛాతీలో దెబ్బలాంటి చప్పుడయింది. అది క్యాంపు వైపే. దేవుడా, ఆ కాగితం నువ్వు చదివే ఉంటావు కదా అనుకుంది.

పెరట్లో జోగమ్మ ఉంది. పట్టుచీర కుచ్చిళ్ళు దోపుకుని, మెడలో కాసులపేరుతో, గొయ్యి పక్కన బోర్లించిన బకెట్టు మీద కాపలా కాస్తున్నట్టు కూర్చుని ఉంది. నేల మడిలా తడిసి ఉంది.

"బంతిలో కూకున్నాను," అంది జోగమ్మ, సుమతి అడగకుండానే. "బూరి కొరికాను. నీళ్ళు గేపకం వొచ్చీసాయి. సూరన్నలాగే నానూ ఎవలికీ సెప్పకుండా వొచ్చీసేను. కోడలు తిట్టుకుంటాదేమో. ఇరవై బకెట్లు పోసేను."

"మెరుపు పడిందా అప్పా?"

"పడింది. ఆ స్తంభం కాడ. ఇక్కడ మట్టి ఉస్సుమంది. దారడిగి ఎల్లిపోయింది."

తొలి చినుకులు పడ్డాయి. సుమతి తన దగ్గరున్న రెండో తాళంచెవిని తలకిందులుగా తాళంలో దూర్చింది. వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి తాళంచెవి తీసుకుని తలుపు తెరిచింది. అప్పలసూరి. స్మృతి నగర్నుంచి సైకిలు మీద, నెత్తిన యూరియా సంచీ కొంగులా కప్పుకుని. ఎప్పుడు బయల్దేరాడో, ఎవరికి చెప్పకుండా వచ్చాడో గౌరీదేవికే తెలియాలి.

విలియం ప్లగ్గులు పీకలేదు. రెండూ ఉన్నచోటే ఉన్నాయి. లోపల చీకట్లో, బల్ల మీద, మెషీను ముఖం మీద ఎర్రటి సున్నాలు వరసగా వెలుగుతున్నాయి, ఏమీ జరగనట్టు.

సుమతి బల్ల పట్టుకుని కుర్చీలో కూర్చుంది. అప్పలసూరి గుమ్మం దగ్గర పెట్టె మూత తీసి, ఒక గాజుగొట్టం బయటికి లాగాడు. మసిబారి, లోపల చిట్లి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి తలాడించాడు. మాడిపోయిన గొట్టాన్ని అగ్గిపెట్టెలో, దూది మీదే, మంచివాటి పక్కనే జాగ్రత్తగా పడుకోబెట్టాడు. కొత్తది బిగించాడు. ఉరుములు దూరమయ్యేదాకా ఫోను ముట్టుకోనివ్వలేదు. అరగంట ముగ్గురూ వాన చూస్తూ కూర్చున్నారు. జోగమ్మ కొంగులో మూట విప్పి, సగం కొరికినది తనుంచుకుని, మంచి బూరి ఒకటి ఆయనకిచ్చింది.

వాన తగ్గింది. సందులో అప్పుడే నలుగురు పోగయ్యారు, మేడమ్ లైను ఉందా అని. మొదటి ఫోను జోగమ్మది. పలాస కలిసింది. చెల్లెలికి గొయ్యి సంగతి, మట్టి ఉస్సుమన్న సంగతి, ఈ సందులో ఇక ఏ మెషీనూ కాలదన్న సంగతి, ఫోను లేకపోయినా వినపడేలా చెబుతోంది. సున్నాలు అంకెలయ్యాయి. సుమతి ఆ అంకెలనే చూస్తూ ఉంది. వాటిని చూస్తూ ఇంతసేపు ఎప్పుడూ కూర్చోలేదు. జోగమ్మ ఉంటాను మరి, ఉంటాను అని ఐదారుసార్లు చెప్పి పెట్టేసింది. ప్రింటరు గరగరమని చీటీ కక్కింది. ఆ చీటీ చింపి, ఇది మీ దగ్గర ఉంచుకోండి బాబాయ్ అని చెబుదామని సుమతి తలెత్తింది.

బెంచీ మీద తడి మాత్రం ఉంది. దక్షిణాన, సెక్టర్ 6 పైన, ఇంకో ఉరుము దొర్లుతోంది. బూటుకాలు ఈడ్చుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. సందు చివర అప్పలసూరి, నెత్తిన సంచీ, సైకిలు నడిపించుకుంటూ బురదలో పోతున్నాడు. మసాలా మిల్లు దగ్గర ఒక్కసారైనా తిరిగి చూస్తాడేమోనని చీటీ పట్టుకుని నిలబడింది సుమతి. తిన్నగా వెళ్ళిపోయాడు.